లాభం ఉంది సరే, డబ్బులేవి? వ్యాపారి తన బ్యాలెన్స్ షీట్ తానే చదువుకోవడం ఎలా

ఏటా సెప్టెంబర్ దగ్గరపడేసరికి ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ఏ ఆడిటర్ ఆఫీసు చూసినా ఒకటే హడావుడి. వ్యాపారి వస్తాడు, "ట్యాక్స్ ఎంత పడిందండీ?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేస్తాడు, ఫైలు పట్టుకెళ్లి బీరువాలో పెడతాడు. ఆ ఫైలు మళ్లీ బయటికొచ్చేది బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే అప్పు) లిమిట్ రెన్యువల్ అప్పుడే, అక్కడ కూడా దాన్ని చదివేది బ్యాంకు వాళ్లే. అంటే ఆ వ్యాపారం సంగతి ఆడిటర్‌కి తెలుసు, మేనేజర్‌కి తెలుసు, పగలూ రాత్రీ దాని మీదే బతికే మనిషికి మాత్రం తెలియదు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ కాగితాలు చదవడానికి బీకామ్ అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, భాగహారాలు వచ్చి, ఒక ఆదివారం పూట కుదురుగా కూర్చోగలిగితే చాలు.

మన వైపు వ్యాపారుల నోట తరచూ వినపడే మాట ఒకటుంది. "కాగితం మీద పదహారు లక్షలు లాభం అంటారు, గల్లాపెట్టెలో చూస్తే పదహారు వేలు లేవు." ఆడిటర్ తప్పు రాశాడనో, గుమాస్తా ఏదో చేశాడనో అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు ఆ రెండూ కావు. ఆ డబ్బు ఎక్కడికెళ్లిందో అదే ఫైల్లో, ఇంకో పేజీలో రాసి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

ఒక్క ఏడాది లెక్క చూస్తే ఏమీ తెలియదు. కనీసం రెండేళ్లవి పక్కపక్కన పెట్టాలి, మూడేళ్లవైతే మరీ మంచిది. బ్యాలెన్స్ షీట్, ట్రేడింగ్ అకౌంట్, లాభనష్టాల ఖాతా, మీ క్యాపిటల్ అకౌంట్, వాటి వెనకాల ఉండే షెడ్యూళ్లు. ఈ షెడ్యూళ్లను చాలామంది ప్రింటు కూడా తీయించుకోరు గానీ అసలు సంగతులన్నీ వాటిలోనే ఉంటాయి: మనకి ఎవరెవరు ఎంత ఇవ్వాలి, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, అడ్వాన్సులు అని రాసినవి ఎవరి దగ్గర ఉన్నాయి. లెక్కలు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో రాస్తుంటే పేరుపేరునా లిస్టు నిమిషాల్లో వచ్చేస్తుంది, అడిగి తీసుకోండి. వీటితోపాటు ఏడాది మొత్తం సీసీ అకౌంట్ స్టేట్‌మెంట్, జీఎస్టీ రిటర్నుల్లో చూపించిన పన్నెండు నెలల అమ్మకాల మొత్తం కూడా ఉండాలి.

మొదటి పని, జీఎస్టీలో చూపించిన అమ్మకాలు, లాభనష్టాల ఖాతాలో ఉన్న అమ్మకాలు ఒకటేనా కాదా చూడడం. తేడా ఉంటే కారణం ఉండొచ్చు, పాత మిషను అమ్మి ఉండొచ్చు, సరుకు వాపసు వస్తే ఇచ్చిన క్రెడిట్ నోట్లు ఉండొచ్చు, కానీ ఆ కారణం ఏమిటో మీ నోటితో మీరు చెప్పగలగాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. ట్యాక్సుకి లాభం తగ్గించి ఒక సెట్టు, బ్యాంకుకి లాభం పెంచి ఇంకో సెట్టు తయారు చేయించుకునే అలవాటు కొంతమందికి ఉంది. 2019 నుంచి ఆడిటర్ సర్టిఫై చేసే కాగితాల మీద యూడీఐఎన్ అనే, ఏ కాగితానికి ఆ కాగితానికి విడిగా ఇచ్చే 18 అంకెల నంబర్ ఉండాలి, దాన్ని ఎవరైనా ఆన్‌లైన్లో సరిచూసుకోవచ్చు, అంటే దొరికిపోవడం ఇప్పుడు చాలా సులువు. దొరకడం మాట అటుంచండి, రెండు సెట్లున్న వ్యాపారికి తన నిజమైన లాభం ఎంతో తనకే తెలియకుండా పోతుంది. నేను చెప్పబోయేదంతా ఒకే ఒక్క నిజమైన లెక్క ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

కాశీబుగ్గలో ఒక జీడి యూనిట్ అనుకుందాం

అంకెలు లేకుండా చెప్తే ఇది బుర్రకెక్కదు. అందుకని పలాస-కాశీబుగ్గలో ఒక మోస్తరు జీడిపప్పు యూనిట్ ఉందనుకుందాం, అంకెలు లెక్క కోసం నేను వేసినవి, అన్నీ లక్షల్లో. జీడి ఎందుకంటే, ఉద్దానం పిక్క, అంటే పప్పు తీయని పచ్చి జీడిగింజ, మార్చి నుంచి రెండు మూడు నెలలే వస్తుంది, పప్పు అమ్మకం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో ఇందులో కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించదు.

లాభనష్టాల వైపు, పోయినేడు అమ్మకాలు 320, ఈ ఏడు 400. ఏడాది మొదట్లో ఉన్న సరుకు పోయినేడు 35, ఈ ఏడు 40. పిక్క కొనుగోళ్లు 246 నుంచి 340కి పెరిగాయి. కూలీలు, కరెంటు, బాయిలర్ ఖర్చు 30 నుంచి 36. ఏడాది చివర మిగిలిన సరుకు పోయినేడు 40, ఈ ఏడు 70.

మొదటి సరుకు, కొనుగోళ్లు, తయారీ ఖర్చు కలిపి, చివర మిగిలిన సరుకు తీసేస్తే అమ్మిన సరుకుకి అయిన అసలు ఖర్చు వస్తుంది. పోయినేడు 271, ఈ ఏడు 346. అమ్మకాల్లోంచి అది తీసేస్తే స్థూల లాభం, అదే గ్రాస్ ప్రాఫిట్, పోయినేడు 49, ఈ ఏడు 54. ఐదు లక్షలు పెరిగింది కదా అని సంబరపడొద్దు. 320 మీద 49 అంటే వందకి 15 రూపాయల 30 పైసలు, 400 మీద 54 అంటే వందకి 13 రూపాయల 50 పైసలు. ఎక్కువ అమ్మారు, ప్రతి వంద మీదా తక్కువ మిగిలింది. పిక్క రేటు పెరిగిందా, పప్పు రేటు తగ్గించి అమ్మారా, దిగుబడి పడిపోయిందా, ఈ మూడింటిలో ఏదో ఒకటి.

దిగుబడి సంగతి బ్యాలెన్స్ షీట్ చెప్పదు, మీ గోడౌన్ పుస్తకం చెప్తుంది. 80 కిలోల బస్తాకి మామూలుగా 20 నుంచి 24 కిలోల పప్పు రావాలి. ఏడాదిలో ఎన్ని బస్తాలు ఆడించారో, ఎన్ని కిలోల పప్పు వచ్చిందో భాగించి చూడండి. బస్తాకి ఒక్క కిలో తగ్గినా ఏడాది చివర అది లక్షల్లో తేలుతుంది. గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (రెండుగా చీలింది) ఎంత, ముక్క ఎంత అన్నది కూడా విడిగా రాసుకోవాలి, ఎందుకంటే పిక్క అదే అయినా గుండు విరిగి బద్ద అయితే రేటు పడిపోతుంది. స్థూల లాభం శాతం తగ్గిందని కాగితం చూపిస్తే, దానికి కారణం వెతకాల్సింది కటింగు షెడ్డులోనూ, పీలింగ్ టేబుళ్ల దగ్గరా.

ఇక జీతాలు, కమీషన్లు, రవాణా లాంటివి 17 నుంచి 20 అయ్యాయి. వడ్డీ 8 నుంచి 12. తరుగుదల రెండేళ్లూ 6. ఇవన్నీ పోగా నికర లాభం పోయినేడు 18, ఈ ఏడు 16. అమ్మకాలు 80 లక్షలు పెరిగితే లాభం 2 లక్షలు తగ్గింది. "ఈ ఏడు బాగా నడిచిందండీ, నాలుగు కోట్లు దాటించాం" అని అందరికీ చెప్పుకునే వ్యాపారి ఈ రెండు గీతల్ని పక్కపక్కన పెట్టి చూసి ఉండడు.

తరుగుదల గురించి ఒక్క మాట. మిషన్లు, షెడ్డు వాడేకొద్దీ తగ్గే విలువ అది, ఎవరి చేతికీ ఇచ్చే డబ్బు కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో మామూలు మిషనరీకి ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం, కంప్యూటర్‌కి 40 శాతం తగ్గించి ఖర్చుగా రాస్తారు. డబ్బు బయటికి పోలేదు కాబట్టి నగదు లెక్క వేసేటప్పుడు దాన్ని వెనక్కి కలుపుకోవాలి. ఇది గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో అవసరం పడుతుంది.

బ్యాలెన్స్ షీట్ కుడి ఎడమలు

మన ప్రొప్రయిటర్ల బ్యాలెన్స్ షీట్లో ఎడమ వైపు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఉంటుంది, కుడి వైపు ఆ డబ్బు ఇప్పుడు ఏ రూపంలో ఉందో ఉంటుంది. రెండూ సమానం కాక తప్పదు. ఇంతకంటే పెద్ద రహస్యం అందులో ఏమీ లేదు.

మన యూనిట్‌లో ఎడమ వైపు: సొంత పెట్టుబడి పోయినేడు 70, ఈ ఏడు 76. టర్మ్ లోన్, అంటే వాయిదాల్లో తీర్చే అప్పు, 24 నుంచి 18. సీసీ వాడకం 50 నుంచి 75. మనం సరుకు వాళ్లకి ఇవ్వాల్సింది 16 నుంచి 26. మొత్తం పోయినేడు 160, ఈ ఏడు 195.

కుడి వైపు: షెడ్డు, మిషనరీ 48 నుంచి 42. సరుకు 40 నుంచి 70. మనకి రావాల్సిన బాకీలు 62 నుంచి 80. బ్యాంకులో, చేతిలో ఉన్న డబ్బు 10 నుంచి 3. మొత్తం 160, 195.

ఇప్పుడు ఒక పెన్సిల్ తీసుకుని ప్రతి గీత పక్కన తేడా రాయండి. లాభం 16, దానికి తరుగుదల 6 కలిపితే 22. ఇది వ్యాపారం పుట్టించిన డబ్బు. ఇందులోంచి సరుకులో అదనంగా ఇరుక్కున్నది 30, బాకీల్లో అదనంగా ఇరుక్కున్నది 18 తీసేయండి. సరుకు వాళ్లకి అదనంగా బాకీ పెట్టాం కాబట్టి ఒక 10 కలపండి. ఎంత వచ్చింది? మైనస్ 16. లాభం 16 లక్షలు, వ్యాపారం నుంచి చేతికొచ్చిన డబ్బు మైనస్ 16 లక్షలు. రెండూ నిజమే. ఆడిటర్ అబద్ధం చెప్పలేదు, గుమాస్తా తినేయలేదు.

ఇంకా ఉంది. టర్మ్ లోన్ వాయిదాలు 6 కట్టారు, ఇంటికి 10 వాడారు. లోటు మొత్తం 32 అయింది. అందులో 25 సీసీ నుంచి తెచ్చారు, చేతిలో ఉన్న డబ్బులోంచి 7 కరిగింది. అంటే ఇంటి ఖర్చు, లోన్ వాయిదా రెండూ ఈ ఏడాది బ్యాంకు అప్పుతోనే జరిగాయి. వడ్డీ 8 నుంచి 12కి ఎందుకు ఎగిరిందో కూడా ఇప్పుడు తెలిసిపోయింది కదా.

ఈ చిన్న లెక్కనే పెద్ద కంపెనీలు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ పేరుతో విడిగా ఒక పేజీ వేస్తాయి. మనలాంటి సొంత వ్యాపారాలకీ, భాగస్వామ్య సంస్థలకీ అది తప్పనిసరి కాదు, 2013 కంపెనీల చట్టం చిన్న కంపెనీలకి కూడా మినహాయింపు ఇచ్చింది. అందుకే మీ ఫైల్లో అది దొరకదు, మీరే వేసుకోవాలి. నన్నడిగితే చిన్న వ్యాపారికి మిగతా పేజీలన్నింటికంటే దీనితోనే ఎక్కువ అవసరం, ఎందుకంటే పెద్ద కంపెనీకి చేతిలో డబ్బు ఆడకపోతే ఇంకో చోట తెచ్చుకుంటుంది, మనకి ఉన్నది ఒక్క సీసీ, అది దాటితే రోజు వడ్డీలే.

రోజుల లెక్క

సరుకు 30 పెరిగింది, బాకీలు 18 పెరిగాయి. ఏది అసలు జబ్బు? బాకీలు పెరిగితే అందరికీ కోపం పార్టీల మీదకే పోతుంది, హైదరాబాద్ పార్టీ డబ్బు పంపడం లేదు, కలకత్తా పార్టీ ఫోన్ ఎత్తడం లేదు అని. కానీ అమ్మకాలే పెరిగినప్పుడు బాకీలు కొంత పెరగడం మామూలే. అందుకని వాటిని రోజుల్లోకి మార్చి చూడాలి.

బాకీలను అమ్మకాలతో భాగించి 365తో హెచ్చించండి. పోయినేడు 62 బై 320, అంటే 71 రోజులు. ఈ ఏడు 80 బై 400, అంటే 73 రోజులు. పెద్ద తేడా లేదు. పార్టీలు ఎప్పటిలాగే ఇస్తున్నారు. ఇప్పుడు సరుకుని అమ్మిన సరుకు ఖర్చుతో భాగించండి. పోయినేడు 40 బై 271, 54 రోజులు. ఈ ఏడు 70 బై 346, 74 రోజులు. ఇదిగో, ఇక్కడ దొరికింది. గోడౌన్లో సరుకు ఇదివరకటి కంటే ఇరవై రోజులు ఎక్కువ కూర్చుంటోంది. మనం సరుకు వాళ్లకి ఇవ్వాల్సింది కొనుగోళ్లతో భాగిస్తే 24 నుంచి 28 రోజులైంది, పెరిగింది నాలుగు రోజులే.

బాకీల రోజులు, సరుకు రోజులు కలిపి, సరుకు వాళ్లకి ఇవ్వాల్సిన రోజులు తీసేయండి. అంటే మీ రూపాయి పిక్కలోకి వెళ్లి, పప్పై, బాకీలోకి మారి, మళ్లీ మీ చేతికి రావడానికి పోయినేడు 101 రోజులు పడితే ఈ ఏడు 119 రోజులు పడుతోంది. కోపం పార్టీల మీద చూపించి లాభం లేదు, గోడౌన్ తాళం తీయాలి.

ఇదే లెక్క విజయనగరంలో బట్టల షాపుకి వేస్తే కథ వేరుగా ఉంటుంది. అక్కడ నగదు, ఫోన్‌పే అమ్మకాలే ఎక్కువ కాబట్టి బాకీల రోజులు చాలా తక్కువ, సరుకు రోజులు మాత్రం రెండు మూడు రెట్లు ఉండొచ్చు. రైస్ మిల్లులో కస్టమ్ మిల్లింగ్ (ప్రభుత్వ ధాన్యాన్ని చార్జీ తీసుకుని ఆడించడం) చేస్తుంటే ఆ ధాన్యం మీది కాదు, ప్రభుత్వానిది, మిల్లులో ఉన్నంత మాత్రాన దాన్ని మీ సరుకులో కలపకూడదు, మీకు రావాల్సిన మిల్లింగ్ చార్జీలే మీ బాకీ. అందుకని వేరే వ్యాపారం వాళ్ల రోజులతో పోల్చుకోకండి, మీ పోయినేటి రోజులతోనే పోల్చుకోండి.

సరుకు విలువ తప్పైతే లాభమే తప్పు

ఇది నిదానంగా చదవండి, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, అదీ తమ చేతిలో తామే. చివర మిగిలిన సరుకు 70 అని రాశారు కాబట్టి లాభం 16 వచ్చింది. అదే సరుకు నిజానికి 60 లక్షలే చేస్తే? లాభం 6. యాభై చేస్తే నష్టం 4. సరుకు అంకె ఒక్కటి మారితే లాభం మొత్తం తలకిందులవుతుంది, అయినా చాలాచోట్ల మార్చి 31న ఆ అంకెని ఎవరూ లెక్కపెట్టరు. ఆడిటర్ ఫోన్ చేసి "స్టాక్ ఎంత వేయమంటారు?" అంటే ఇటునుంచి ఒక అంకె చెప్పేస్తారు.

అలా చెప్పొద్దండీ. మార్చి 31 సాయంత్రం పని ఆపి, ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని గోడౌన్లోకి వెళ్లండి. పిక్క బస్తాలు, ఉడికించి ఆరబెట్టినవి, కట్ చేసి పీలింగ్ కాని పప్పు, గ్రేడు చేసి డబ్బాల్లో ప్యాక్ చేసినవి, విడివిడిగా రాయండి. వెనక మూలన, గోడ వారన ఉండే డబ్బాల్ని తప్పకుండా తెరిచి చూడండి. పోయిన వానాకాలం తేమ తగిలి రంగు మారిన ముక్క, పురుగు పట్టిన బద్ద, వాసన వచ్చేస్తున్న పప్పు అక్కడే ఉంటాయి. వాటికి కొన్న రేటు వేయకూడదు. అకౌంటింగ్ ప్రమాణాల్లో ఉన్న సూత్రం చాలా సింపుల్: సరుకుకి మనకి పడిన ఖర్చు, ఇప్పుడు అమ్మితే వచ్చే నికర రేటు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే వేయాలి. బట్టల షాపులో మూడేళ్ల నుంచి పై అరలో ఉన్న చీరలకీ ఇదే సూత్రం. సగం ధరకి కూడా పోనిది పూర్తి ధరకి సరుకులో కూర్చుంటే, లేని లాభానికి మీరు ట్యాక్స్ కడుతున్నట్టు.

బాకీల లిస్టుకీ ఇలాగే చేయాలి. పేరుపేరునా, 30 రోజుల్లోపువి, 90 రోజుల్లోపువి, ఆరు నెలలు దాటినవి, ఏడాది దాటినవి అని నాలుగు గడులు గీయండి. ఏడాది దాటిన పేర్లు చూసి, ఇవి వస్తాయా రావా అన్నది మీ మనసుకి తెలుసు, ఆ మాట ఆడిటర్‌కి చెప్పండి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండి, మీరే తయారు చేసి అమ్ముతుంటే ఇంకో అవకాశం ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమ నుంచి కొన్నవాళ్లు 45 రోజులు దాటించకూడదు, ముందే రాసుకున్న ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. 2023-24 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కూడా అలా గడువు దాటిన బాకీని, కట్టేదాకా కొన్నవాళ్ల ఖర్చుగా ఒప్పుకోవడం లేదు. మార్చి నెలలో వసూళ్లకి ఫోన్ చేసేటప్పుడు ఈ మాట మర్యాదగా గుర్తుచేస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

మీ జీతం ఏది?

ప్రొప్రయిటర్ లెక్కలో ఒక పెద్ద ఖాళీ ఉంటుంది. ఉదయం ఆరింటికి షెడ్డు తెరిచి రాత్రి తొమ్మిదికి మూసే యజమానికి అందులో జీతం ఉండదు. గ్రేడింగ్ దగ్గర రోజంతా నిలబడే ఇంటావిడకి ఉండదు. సొంత గోడౌన్‌కి అద్దె ఉండదు. పెట్టిన 70 లక్షల సొంత డబ్బుకి వడ్డీ ఉండదు. ఇవన్నీ వేసి చూడండి. ఈ పనికి బయట మనిషిని పెడితే నెలకి 50 వేలు, ఏడాదికి 6 లక్షలు. గోడౌన్ అద్దె నెలకి 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. 70 లక్షలు ఏడు శాతం వడ్డీకి ఫిక్సెడ్ డిపాజిట్ వేస్తే 4 లక్షల 90 వేలు. మొత్తం 13 లక్షల 30 వేలు. 16 లోంచి తీసేస్తే వ్యాపారం అనేది నిజంగా సంపాదించింది 2 లక్షల 70 వేలు, నాలుగు కోట్ల టర్నోవర్ మీద. గ్రేడింగ్ దగ్గర నిలబడే ఇంటావిడ కష్టానికి ఇంకా లెక్కే కట్టలేదు. ఈ లెక్క ట్యాక్సుకి పనికిరాదు, కానీ ఇంకో షెడ్డు కట్టాలా వద్దా, కొడుకుని ఇందులోకి దింపాలా వద్దా అనేది తేల్చుకోవడానికి ఇదే ముఖ్యం.

భోగాపురం వైపు కొన్న ప్లాటు

ఎయిర్‌పోర్టు వస్తోందన్నప్పటి నుంచి భోగాపురం చుట్టుపక్కల స్థలం కొనాలని మన రెండు జిల్లాల వ్యాపారుల్లో చాలామందికి ఆశ. ఆశ తప్పు కాదు. ఏ డబ్బుతో కొన్నారన్నదే చూడాలి. సీసీ ఇచ్చేది పిక్క కొనడానికి, అమ్మిన డబ్బు వంద రోజుల్లో తిరిగి జమ కావడానికి. ప్లాటు వంద రోజుల్లో తిరిగి డబ్బు కాదు. సీసీలోంచి 20 లక్షలు తీసి ప్లాటుకి అడ్వాన్సు ఇస్తే, అది బ్యాలెన్స్ షీట్లో "అడ్వాన్సులు" అనే గీత కింద కూర్చుంటుంది, లేదా డ్రాయింగ్స్ (సొంతానికి తీసుకున్న డబ్బు) కింద మీ పెట్టుబడి తగ్గిస్తుంది. వచ్చే సీజన్‌లో పిక్క కొనడానికి లిమిట్ మిగలదు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాల్సి వస్తుంది.

ఇది పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. సొంత పెట్టుబడి, టర్మ్ లోన్ కలపండి. మన యూనిట్‌లో 76, 18 కలిపితే 94. అందులోంచి షెడ్డు, మిషనరీ 42 తీసేస్తే 52. ఈ 52 లక్షలు సరుకులో, బాకీల్లో తిరుగుతున్న మీ నిలకడైన డబ్బు. ఏటా ఈ అంకె పెరుగుతుండాలి. పోయినేడు 70, 24 కలిపి 94లోంచి 48 తీసేస్తే 46, అంటే ఇప్పుడు పెరిగింది, అది మంచిదే. వ్యాపారానికి సంబంధం లేని స్థలాలు, బంధువులకిచ్చిన చేబదుళ్లు కూడా ఇందులోంచి తీసేసి చూడాలి. ఆ తర్వాత అది తగ్గుతూ వస్తే, వ్యాపారం కింద నుంచి డబ్బు తోడేస్తున్నారని అర్థం, లాభం ఎంత చూపించినా సరే.

బ్యాంకు వాళ్లు ఎలా చూస్తారు

మేనేజర్ ముందుగా చూసేది కరెంట్ రేషియో. ఏడాదిలోపు డబ్బయ్యేవాటిని ఏడాదిలోపు కట్టాల్సినవాటితో భాగించడం. మనకి సరుకు, బాకీలు, నగదు కలిపి 153. కట్టాల్సినవి సీసీ 75, సరుకు వాళ్లకి 26, వచ్చే ఏడాది వాయిదాలు 6, మొత్తం 107. భాగిస్తే 1.43. పోయినేడు 1.56. బ్యాంకులు సాధారణంగా 1.33 ఉండాలంటాయి కాబట్టి మేనేజర్ ఊరుకుంటాడు. మీరు మాత్రం ఊరుకోవద్దు. సరుకు తీసేసి చూడండి, పోయినేడు సరిగ్గా 1 ఉన్నది ఈ ఏడు 0.78కి పడింది. అంటే సరుకు కదలకపోతే బాకీలన్నీ వసూలైనా అప్పులు తీరవు.

రెండోది డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెలలో సీసీలోంచి మీరు ఎంత దాకా తీయొచ్చో ఆ అంకె. లిమిట్ కోటి ఉన్నా కోటీ తీయనివ్వరు. నెలనెలా మీరిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ చూసి, సరుకులోంచి మీరు ఇవ్వాల్సింది తీసేసి, 90 రోజులు దాటిన బాకీలు కొట్టేసి, మిగిలిన దానిలో మార్జిన్, అంటే మీరు సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా, తగ్గిస్తారు. మార్జిన్ రెంటికీ 25 శాతం అనుకుందాం. 70లోంచి 26 తీస్తే 44, అందులో 33 వస్తుంది. బాకీలు 80లో 90 రోజులు దాటినవి 15 ఉంటే 65 మిగులుతుంది, అందులో 48.75. మొత్తం 81.75, వాడింది 75, గట్టెక్కాం. పాత బాకీలు 15 కాకుండా 30 అయితే? అప్పుడు 50లో 37.50, మొత్తం 70.50. వాడకం దాన్ని దాటిపోయింది. అలా అకౌంట్ 90 రోజులు సరిదిద్దకుండా ఉండిపోతే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారు. పార్టీ ఇద్దరు డబ్బు ఆపితే మీ లిమిట్ ఎలా ఎండిపోతుందో ముందే తెలియాలంటే ఈ లెక్క నెలనెలా మీరే వేసుకోవాలి.

మార్చి 31 ఒక్కటే సరిపోదు

బ్యాలెన్స్ షీట్ ఒక్క రోజు చిత్రం. జీడి యూనిట్‌కి మార్చి 31 అంటే పిక్క సీజన్ ఇంకా మొదట్లోనే ఉంటుంది, గోడౌన్ పూర్తిగా నిండేది మే, జూన్‌లలో. సీసీ గొంతు దాకా వచ్చేదీ అప్పుడే. రైస్ మిల్లుకి డిసెంబర్, జనవరి. విజయనగరం బట్టల షాపుకి దసరా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు వారాలు. అందుకని మీ వ్యాపారంలో సరుకు ఎక్కువ ఉండే నెల ఏదో చూసుకుని, ఆ నెలాఖరుకి కూడా ట్యాలీలో ఒక బ్యాలెన్స్ షీట్ తీయించండి. ట్యాక్సుకి దానితో పనిలేదు, పూర్తి ఆడిట్ కూడా అక్కర్లేదు, సరుకు మాత్రం నిజంగా లెక్కపెట్టినదై ఉండాలి. మార్చిలో 1.43 ఉన్న రేషియో జూన్‌లో ఎంత ఉందో చూస్తేనే వచ్చే సీజన్‌లో ఎన్ని బస్తాలు కొనగలరో తెలుస్తుంది.

ఈసారి ఆడిటర్ దగ్గరికి సంతకానికి వెళ్లేటప్పుడు ట్యాక్స్ ఎంత అని మాత్రమే అడగకండి. స్థూల లాభం శాతం పోయినేటి కంటే ఎందుకు మారింది, అడ్వాన్సులు అన్న గీతలో ఎవరెవరున్నారు, సస్పెన్స్ అకౌంట్‌లో (ఎందులో రాయాలో తేలని పద్దులు పెట్టే ఖాతా) ఏమైనా మిగిలిందా, నా డ్రాయింగ్స్‌లో ఏమేం పడ్డాయి, ఈ సరుకు అంకె నేనిచ్చిన లిస్టుతో సరిపోయిందా, ఇవి అడగండి. ఆయన విసుక్కోడు, అడిగే క్లయింట్ లెక్కలు రాయడం ఏ ఆడిటర్‌కైనా సులువే. సంతకం పెట్టే ముందు ఒక కాపీ ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు దగ్గర పెట్టుకుంటానని చెప్పండి. అందుకోసం సెప్టెంబర్ ఆఖరి వారం దాకా ఆగకుండా జూలైలోనే కాగితాలన్నీ ఇచ్చేయండి.